పనిముట్టు మనిషికి ఒదగాలి

మందు కొడుతుంటే వీపు మీద కారితే మనకే చేతకాలేదనుకుంటాం. మోటారు కాలితే మన ఖర్మ అని సరిపెట్టుకుంటాం. చాలాసార్లు లోపం మనిషిలో కాదు, వస్తువు తయారీలో ఉంటుంది. అమెరికాకు చెందిన డొనాల్డ్ నార్మన్ 1988లో వెలువడిన పుస్తకంలో ఈ సంగతే వివరించారు. తలుపును తోయాలో లాగాలో చూడగానే తెలియకపోతే ఆ తప్పు తలుపుదే. సేద్యపు పనిముట్లకూ ఈ సూత్రాలు వర్తిస్తాయి.

చూడగానే తెలియాలి: పురుగుమందు డబ్బాపై నలుపలకల గుర్తు ఉంటుంది. దాని కింది సగంలోని రంగు విషం తీవ్రతను చెబుతుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు ఎక్కువ విషం, నీలం ఒక మోస్తరు, ఆకుపచ్చ కొద్దిపాటి విషం. చదువు రానివారూ గుర్తుపట్టొచ్చు. అయితే ఆకుపచ్చ ఉందని జాగ్రత్తలు మానకూడదు.

చేసిన పనికి జవాబివ్వాలి: త్రీఫేజ్ మోటారు పెట్టెకు ఎరుపు, పసుపు, నీలం దీపాలుంటే మూడు ఫేజులూ వస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. ఒక్కటి వెలగకపోయినా మోటారు వేయొద్దు. రెండు ఫేజుల మీద నడిస్తే వైండింగు కాలిపోతుంది. దీపాలన్నీ ఆరినంత మాత్రాన కరెంటు లేదనుకుని తీగ ముట్టుకోవద్దు. బల్బే పోయి ఉండొచ్చు.

పొరపాటుకు తావివ్వకూడదు: మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో పెట్టడం ప్రాణాంతకం. సీసా ఆకారమే పిల్లలకు "తాగు" అని చెబుతుంది. మందును దాని డబ్బాలోనే ఉంచి, తాళం వేసి భద్రపరచండి. ఖాళీ డబ్బాను ఇంటి అవసరాలకు వాడొద్దు.

ఒంటికి సరిపడాలి: 16 లీటర్ల స్ప్రేయరులో నీళ్లే 16 కిలోల బరువు. సన్నటి పట్టీలైతే భుజాలు కోసుకుపోతాయి. వెడల్పాటి మెత్తని పట్టీలు, పొడవు సరిచేసుకునే వీలు ఉండాలి. కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి, పనిముట్టు పిడి వారి చేతికి, ఎత్తుకు సరిపోవాలి. కొనేటప్పుడు వారినీ వెంట తీసుకెళ్లండి.

కొనే ముందు ఇలా చూడండి:

* కొత్త స్ప్రేయరులో మంచినీళ్లు నింపి, తగిలించుకుని పదిసార్లు పంపు కొట్టండి.
* ముందుకు వంగి చూడండి. మూత దగ్గర చుక్క కారినా తీసుకోవద్దు.
* నీళ్లు పోసే మూతి వెడల్పుగా, జల్లెడతో ఉందా? లీటర్ల గీతలు బయటికి కనిపిస్తున్నాయా?
* చేతి తొడుగులతో మూత తీయడం వీలవుతుందా?
* వాషర్లు, నాజిళ్లు దగ్గరి ఊళ్లో దొరుకుతాయా?

వీటిలో ఏది కుదరకపోయినా మరొకటి చూపించమని అడగండి. డబ్బు పెట్టేది మీరు, మందు మోసేదీ మీరే. మొహమాటపడితే నష్టం మీకే.