కొలత మోచేతి నుంచి

చిరంజీవి శ్రావణికి,


మెడ పట్టేస్తోందనీ, భుజాలు లాగుతున్నాయనీ, పదివేలు పోసి కుర్చీ కొంటానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. కాస్త ఆగమ్మా. ముందు కొలతల టేపు తీసుకో.

టైపు ఇన్‌స్టిట్యూట్ ముప్ఫై ఏళ్ళు నడిపినవాణ్ణి. మా దగ్గర రాసుకునే బల్ల 30 అంగుళాలుంటే, మిషన్ పెట్టే బల్ల 26. మిషన్ మీటలు బల్ల కంటే బాగా ఎత్తులో ఉంటాయి మరి. అవి మోచేతి మట్టానికి రావాలంటే బల్ల దిగాల్సిందే. నువ్వేమో అన్నాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టావు. అదీ 30 అంగుళాలే. ఐదడుగుల పిల్లవి, మామూలు కుర్చీలో కూర్చుంటే నీ మోచెయ్యి అంతకంటే కిందే ఉంటుంది. ఇక భుజాలు రోజంతా పైకి లాక్కుని కూర్చోక ఏం చేస్తావు?

నిటారుగా కూర్చుని, భుజాలు వదిలేసి, మోచేతులు మడిచి నేల నుంచి మోచేతి దాకా కొలువు. కీబోర్డు ఉండాల్సింది ఆ ఎత్తులో. బల్ల దిగదు కాబట్టి కింద గట్టి దిండు వేసుకుని నువ్వే లేవాలి. అప్పుడు పాదాలు గాల్లో వేలాడతాయి, వాటి కింద నానమ్మ పీట వేసుకో. నడుం వెనక తువ్వాలు చుట్ట పెట్టుకో.

లాప్‌టాప్‌తో అసలు చిక్కు, తెరా మీటలూ అతుక్కుని ఉండటం. చేతులకు సరిపెడితే మెడ వంగుతుంది, మెడకు సరిపెడితే భుజాలు లేస్తాయి. లావు పుస్తకాల మీదికి ఎక్కించి తెర పైఅంచు కళ్ళ మట్టానికి తే. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంచు. కీబోర్డు, మౌస్ విడిగా కొనుక్కో. డబ్బు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టు. కిటికీ పక్కకు ఉండాలి, ఎదురుగానో వెనకో వద్దు.

ఇంత చేసినా గంటల తరబడి కదలకపోతే నొప్పి మళ్ళీ వస్తుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి. మా ఇన్‌స్టిట్యూట్ పిల్లలకి గంటకో బ్యాచి కాబట్టి ఆ బాధ తెలీదు. వాళ్ళను నిటారుగా కూర్చోమని అరిచి, నేను మాత్రం వంగి లెక్కలు రాసుకునేవాణ్ణి. నా మెడ సంగతి మీ పెద్దమ్మనడుగు! వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించు.

నీ మోచేతి కొలత ఫోను చేసి చెప్పు. 26కి దగ్గరగా ఉంటే, అటక మీదున్న పాత టైపు బల్ల దులిపించి బస్సులో వేయిస్తాను.

మీ పెదనాన్న