సంగీతము – అంకెలు – చెవి

శబ్దమనగా వాయువునందు పుట్టు అలల సమూహము. ఆ అలలను కొలిచి అంకెలుగా వ్రాసియుంచు పద్ధతికి డిజిటల్ పద్ధతియని పేరు. 1982వ సంవత్సరమున సోనీ, ఫిలిప్స్ కంపెనీలవారు వెలువరించిన కాంపాక్టు డిస్కునందు సెకనునకు 44,100 మారులు అలను కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాయుదురు. నేడు “హై రెజల్యూషన్” అను పేర ఇంటర్నెట్టు ద్వారా డౌన్‌లోడు చేసికొనుటకు అమ్మబడు పాటలలో సెకనునకు 96,000 లేక 1,92,000 కొలతలును, కొలతకు 24 బిట్లును తరచుగా ఉండును. ఈ వర్తకమునకు ఎట్టి భవిష్యత్తు కలదో విచారింతము.

విద్యార్థులారా, మొదట లెక్క చూడుడు. 96,000ను 24చేతను, ఎడమ కుడి ధ్వనులు రెండు గనుక మరల 2చేతను గుణించిన సెకనునకు 46,08,000 బిట్లగును. కాంపాక్టు డిస్కునకు ఇట్లే గుణించిన 14,11,200 మాత్రమే. అనగా మూడింతలకు మించిన స్థలము కావలెను.

ఇందువలన చెవికి కలుగు లాభమేమి? ఒక ధ్వనిని మరల నిర్మించుటకు దాని కంపనసంఖ్యకు రెండింతలకు మించిన కొలతలున్న చాలునని గణితశాస్త్రము చెప్పుచున్నది. మానవుని చెవి సెకనునకు సుమారు 20 మొదలుకొని 20,000 కంపనముల వరకు వినును; వయస్సు మీరినకొలది ఆ పైహద్దు తగ్గును. కావున 44,100 కొలతలే చాలును. ఇక 24 బిట్లు రికార్డింగు శాలలో మిక్కిలి ఉపయోగకరములు. ధ్వనిని హెచ్చించి తగ్గించి కూర్చునపుడు అవి పొరపాట్లకు ఎడమిచ్చును. ఇంట వినువానికి 16 బిట్లే చాలును.

2007లో మేయర్, మోరాన్ అనువారు ప్రకటించిన పరీక్షలో శ్రోతలు ఈ భేదమును గుర్తింపజాలరైరి. 2016లో రైస్ అను ఆచార్యుడు పెక్కు పరీక్షలను కలిపి లెక్కింపగా, ఊహచేతనే నూటికి 50 సరిపడు చోట శ్రోతలకు సుమారు 52 సరిపడెను. భేదము లేదనరాదు, కాని అది మిక్కిలి స్వల్పము.

వర్తకచరిత్రయు ఇదియే బోధించుచున్నది. 2014లో నీల్ యంగ్ అను గాయకుడు పోనో అను యంత్రమునకై ప్రజలనుండి 60 లక్షల డాలర్లకు పైగా కూర్చెను. 2017లో ఆ ప్రయత్నము నిలిచిపోయెను. 2021లో ఆపిల్ కంపెనీవారు చందా హెచ్చింపకయే హై రెజల్యూషన్ సంగీతమును తమ చందాదారులకిచ్చిరి. విడిగా హెచ్చు వెలకు అమ్మిన సరుకు చందాలో చేరినపుడు, అంకెల గొప్పతనమును మాత్రమే చూపి అమ్మువానికి లాభమెక్కడిది?

అయినను డౌన్‌లోడునకు ఒక బలము కలదు. చందా నిలిచిన నాడు సంగీతమును నిలిచిపోవును. కొని దాచుకొన్నది మనయొద్దనే యుండును. ఈ కారణమున ఆ వర్తకము చిన్నదైనను నశింపదని నా అభిప్రాయము.

మీరు తెలిసికొనవలసినది ఒకటి కలదు. మందిరమున గాయకబృందము పాడుచుండగా మైకు దూరముననున్నయెడల, 1,92,000 కొలతలును పంకా చప్పుడునే నమ్మకముగా వ్రాయును. మంచి గానము, మంచి గది, తగిన చోటనుంచిన మైకు, ఈ మూడును లేనిదే అంకెలు వ్యర్థములు. పైగా సాధారణమైన బ్లూటూత్ పరికరములు చెవికి చేర్చుటకు ముందే ధ్వనిలో కొంత విడిచిపెట్టును.

కావున ధనము వ్యయపరచుటకు ముందు ఒక పరీక్ష చేయుడు. రెండు విధముల పాటను సమానమైన బిగ్గరతనముతో, ఏది ఏదియో చెప్పకుండ, స్నేహితునిచే పదిమారులు వినిపించుకొని మీ జవాబులు వ్రాయుడు. సగమే సరిపడిన, మీ చెవి మీకు సత్యము చెప్పినది. ప్రకటనకంటె ఆ సాక్ష్యమునే నమ్ముడు.