పైకప్పు లేని కారుకు పెద్ద చక్రములు

ప్రశ్న: మా మెర్సిడెస్ కన్వర్టిబుల్‌కు 245/40 ఆర్18 టైర్లున్నవి. 20 అంగుళాల చక్రాలు వేయించి, స్ప్రింగులు కురచ చేయించవచ్చునా?
– ఒక పాఠకుడు, మెదక్

జవాబు: పైకప్పు లేని బండికి చట్రపు బిగువు సహజముగనే తక్కువ గావున, గట్టి స్ప్రింగులు బిగించినచో నర్సాపూరు అడవిదారిలో ప్రతి గోతికిని ముందద్దము మొదలు స్టీరింగు వఱకు వణకును. 20 అంగుళముల మోజు విడువుడు. 245/35 ఆర్19 వేసినచో మొత్తము వ్యాసము సుమారు 1 మిల్లీమీటరే పెరుగును. కాని టైరు ప్రక్కగోడ 98 నుండి 86 మిల్లీమీటర్లకు దిగును, స్పీడుబ్రేకరు వద్ద రిమ్మునకు రక్ష అంతమాత్రమే. 5×112 బోల్టుల అమరిక, 66.6 మిల్లీమీటర్ల నడిమి రంధ్రము, ఆఫ్‌సెట్టు మూడును కుదురవలెను; స్పేసరుతో సర్దెదనను దుకాణమునుండి లేచి వచ్చుటయే మేలు. స్ప్రింగులకు బదులు అరిగిన బుష్షులను, డాంపర్లను మార్పించుడు. రిజిస్ట్రేషను వివరములు తయారీదారు నిర్దేశములతో విభేదించునట్టి మార్పును 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను, ఒప్పదు.