అదృశ్య కిరణము

మానవదేహము తలుపులు మూసిన ఇల్లు వంటిది. లోపల బాధ కలిగినదని ఇంటివాడు మొరపెట్టుకొనును. వైద్యుడు నాడిని పట్టి చూచును, నాలుకను పరీక్షించును, వ్రేళ్లతో తట్టి చప్పుడు వినును. కాని ఎముక ఎక్కడ విరిగినదో, తుపాకిగుండు ఎక్కడ చిక్కుకొన్నదో కన్నులార చూడవలెనన్నచో పూర్వము కత్తి తప్ప వేరు సాధనము లేకుండెను. కోయకుండ లోపలి భాగములను చూచుట సాధ్యమా? ఈ ప్రశ్నకు 1895వ సంవత్సరమున సగము సమాధానము దొరికెను. మిగిలిన సగము దొరకుటకు ఇంకను డెబ్బదియారు సంవత్సరములు పట్టెను. ఆ సమాధానమును వెదకినవారిలో భౌతికశాస్త్రజ్ఞులు, గణితవేత్తలు, ఇంజనీర్లు, కంప్యూటరు నిర్మాతలు, వైద్యులు అందరును గలరు.

మొదటి సగమును కనుగొన్నవాడు విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్. ఆయన 1845 మార్చి 27వ తేదీన జర్మనీలోని లెన్నెప్ పట్టణమున జన్మించెను. హాలెండు దేశమున ఉట్రెక్టు నగరములో చదువుచుండగా తోటి విద్యార్థి యొకడు ఉపాధ్యాయుని వికారముగా చిత్రించెననియు, ఆ పని ఎవరిదో చెప్పుటకు రాంట్‌జెన్ నిరాకరించి పాఠశాలనుండి బహిష్కృతుడయ్యెననియు చెప్పుదురు. యోగ్యతాపత్రము లేనందున ఆయన ఉన్నతవిద్యకు ఆటంకము కలిగెను. అయినను ఆయన నిరాశ చెందలేదు. స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున ప్రవేశపరీక్ష పెట్టి చేర్చుకొను సాంకేతిక కళాశాల యుండెను. అందు చేరి యంత్రశాస్త్రము నభ్యసించెను. పిమ్మట భౌతికశాస్త్రమున ప్రవేశించినను, చేతిపని విడువలేదు. తన పరికరములను పెక్కింటిని తానే తయారుచేసికొనుచుండెను.

1895 నవంబరు 8వ తేదీ సాయంకాలము. అప్పటికి రాంట్‌జెన్ వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. గాజుగొట్టములోని గాలిని చాలవరకు తీసివేసి, అందు విద్యుత్తును ప్రసరింపజేయుట ఆనాటి శాస్త్రజ్ఞులకు పరిచితమైన ప్రయోగమే. ఆయన ఆ గొట్టమును నల్లని అట్టతో కప్పి, గదిని చీకటి చేసి, విద్యుత్తును ప్రసరింపజేసెను. అట్టనుండి వెలుతురు ఇసుమంతయు బయటికి రాలేదు. అయినను కొంత దూరమున నున్న తెర యొకటి మినుకుమినుకుమని మెరయుచుండెను. ఆ తెరకు బేరియం ప్లాటినోసయనైడు అను రసాయనము పూయబడియుండెను. విద్యుత్తును ఆపినచో మెరుపు ఆగెను. తిరిగి ప్రసరింపజేసినచో మరల కనబడెను. గొట్టమునుండి కంటికి కనరాని కిరణమేదియో బయలుదేరి, నల్లని అట్టను దాటి వచ్చుచున్నదని ఆయన గ్రహించెను.

అట్టి గొట్టములు అప్పటికే అనేక ప్రయోగశాలలలో నుండెను. ఈ కిరణములు అచ్చటను పుట్టుచునే యుండెను గాని, వానిని పట్టించుకొన్నవారు లేరు. రాంట్‌జెన్ గొప్పతనము వింతను చూచుటలో గాదు, చూచిన వింతను విడువకుండుటలో నున్నది. ఆయన ఏడు వారములపాటు ప్రయోగశాలలోనే మకాము పెట్టెను. కిరణమునకు అడ్డముగా పుస్తకము నుంచెను, కిరణము దాటెను. చెక్కపలక నుంచెను, దానిని గూడ దాటెను. సీసపు రేకు నుంచెను, ఆగిపోయెను. తన చేతినే అడ్డముంచగా, తెరపై మాంసము పలుచని నీడగను, ఎముకలు చిక్కని నీడగను కనబడెను. డిసెంబరు 22వ తేదీన తన భార్య చేతిని ఛాయాచిత్రపు పలకపై నుంచి చిత్రము తీసెను. అందు ఆమె వ్రేళ్ల యెముకలును, ఉంగరమును స్పష్టముగా కనబడెను. ఆ చిత్రమును చూచి తన మృత్యువును చూచినట్లే ఆమె భయపడెనని చెప్పుదురు.

డిసెంబరు 28వ తేదీన ఆయన తన వ్యాసమును స్థానిక శాస్త్రసంఘమునకు సమర్పించెను. కిరణముల స్వభావము ఇంకను తెలియనందున, బీజగణితమున తెలియని రాశికి పెట్టు పేరునే వానికిని పెట్టి, ఎక్స్ కిరణములనెను. 1896 జనవరిలో ఆ వార్త దేశదేశములకు ప్రాకెను. కొలది వారములలోనే వైద్యులు విరిగిన ఎముకలను ఆ కిరణములతో చూడసాగిరి. రాంట్‌జెన్ తన ఆవిష్కరణముపై ఏ హక్కును కోరలేదు. అది లోకమునకు చెందవలెనని తలచి పేటెంటు తీసికొనక విడిచెను. 1901వ సంవత్సరమున భౌతికశాస్త్రమున మొట్టమొదటి నోబెలు బహుమానము ఆయనకే లభించెను. ఆ ధనమును ఆయన విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసెను.

అయితే క్రొత్త వెలుగు వెంట క్రొత్త చీకటియు వచ్చెను. ఈ కిరణము నొప్పి కలిగింపదు గనుక అది నిరపాయమని తొలినాళ్ల పరిశోధకులు నమ్మిరి. అమెరికాలో థామస్ ఎడిసన్ వద్ద క్లారెన్స్ డాలీ అను సహాయకుడుండెను. గొట్టము సరిగా పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు అతడు తన చేతినే మాటిమాటికి కిరణమున కడ్డముంచుచుండెను. చేతులపై పుండ్లు పడెను, అవి మానలేదు, క్యాన్సరు సోకెను. చేతులు తీసివేసినను ఫలము లేక 1904వ సంవత్సరమున అతడు మరణించెను. ఎడిసన్ భీతిల్లి ఆ పరిశోధననే మానివేసెను. ఇట్లు ప్రాణములు గోల్పోయిన వైద్యులు, శాస్త్రజ్ఞులు, సహాయకులు ఎందరో గలరు. 1936వ సంవత్సరమున జర్మనీలోని హాంబర్గు నగరమున వారి స్మారకస్తంభము నెలకొల్పబడెను. దానిపై తొలుత 169 పేర్లు చెక్కిరి. నేడు ఎక్స్ కిరణపు గదిలో పనిచేయువారు సీసపు అడ్డు వెనుక నిలుచుట ఆ త్యాగమూర్తులు నేర్పిన పాఠమే.

మొదటి ప్రపంచయుద్ధకాలమున ఈ కిరణము వేలకొలది సైనికులను రక్షించెను. 1914వ సంవత్సరమున మేరీ క్యూరీ మోటారు బండ్లలో ఎక్స్ కిరణ యంత్రములను అమర్చించి, యుద్ధభూమికి సమీపమునకు తీసికొనిపోయెను. బండి ఇంజను త్రిప్పు డైనమోనుండియే యంత్రమునకు విద్యుత్తు లభించుచుండెను. ఆమె కుమార్తె ఐరీన్ పదునేడేండ్ల ప్రాయమున తల్లికి తోడ్పడెను. తుపాకిగుండు ఉన్న చోటు ముందుగనే తెలియుటచేత శస్త్రవైద్యుల పని సులభమయ్యెను.

ఇంత మేలు చేసినను ఎక్స్ కిరణ చిత్రమున ఒక లోపము మిగిలియుండెను. అది నీడ మాత్రమే. నాలుగు ఆకులను దొంతరగా పట్టి ఎండకెత్తి చూచినచో, ఏ ఈనె ఏ ఆకుదో తెలియునా? అట్లే దేహములోని పొరలన్నియు ఒకదానిపై నొకటి పడి ఒకే నీడగా కనబడును. ఎముక చక్కగా కనబడును గాని, మెత్తని అవయవములు స్పష్టముగా కనబడవు. మెదడు సంగతి మరియు కష్టము. అది కపాలమను గట్టి పెట్టెలో దాగియున్నది. మెదడు చుట్టునున్న ద్రవమును తీసి గాలిని నింపి చిత్రము తీయు పద్ధతి యొకటి యుండెను గాని, అది రోగికి మిక్కిలి బాధాకరము.

ఈ చిక్కు విడిపోవుటకు మార్గమును గణితము చూపెను. ఒక చిన్న లెక్కతో దీనిని గ్రహింపవచ్చును. మూతపెట్టిన పెట్టెలో నాలుగు గదులు గలవు. పైన రెండు, క్రింద రెండు. ప్రతి గదిలోను కొన్ని చింతగింజలు గలవు. మూత తీయరాదు. పై వరుసలో మొత్తము 7, క్రింది వరుసలో 9 గింజలు గలవని చెప్పిరి. ఎడమ నిలువులో 5, కుడి నిలువులో 11 గలవని చెప్పిరి. ఇంతమాత్రముచేత ఏ గదిలో ఎన్ని గలవో నిశ్చయింప వీలులేదు. పైన 2, 5; క్రింద 3, 6 కావచ్చును. పైన 1, 6. క్రింద 4, 5 అయినను లెక్క సరిపోవును. ఇప్పుడు ఎడమ పైగదినుండి కుడి క్రిందిగదికి ఏటవాలుగా కూడినచో 8 వచ్చునని చెప్పినచో, మొదటి సమాధానమే నిలుచును, రెండవది తొలగిపోవును. అనగా ఎన్ని దిక్కులనుండి కొలచినచో లోపలి సంగతి అంత నిశ్చయముగా తెలియును. దేహమును దాటివచ్చిన ఎక్స్ కిరణము, దారిలోని ప్రతి కణజాలము తననుండి ఎంత పీల్చుకొన్నదో కూడి మొత్తముగా చెప్పును. దిక్కులు మార్చి వేలకొలది మొత్తములను సేకరించినచో, ఒక్కొక్క చోటి విలువను లెక్కకట్టవచ్చును.

ఈ గణితమును ఆస్ట్రియా దేశపు గణితవేత్త యోహాన్ రాడాన్ 1917వ సంవత్సరముననే నిరూపించెను. వైద్యులు దానిని చదువలేదు. చదువవలసిన అవసరమున్నదని వారికి తెలియదు. 1956వ సంవత్సరమున దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున అలన్ కార్మాక్ అను భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు, ఆసుపత్రిలో భౌతికశాస్త్రజ్ఞుని స్థానము ఖాళీ కాగా, వారమునకు ఒకటిన్నర దినము అచ్చట పనిచేయుటకు అంగీకరించెను. దేహమంతయు ఒకే పదార్థముతో నిండినట్లు భావించి కిరణచికిత్స మోతాదులను లెక్కించుట చూచి ఆయన ఆలోచనలో పడెను. రాడాన్ గ్రంథము నెరుగకయే తానుగా గణితమును కల్పించుకొనెను.

దానిని పరీక్షించుటకు చెక్క చుట్టిన అల్యూమినియపు దిమ్మెపై గామా కిరణములను ప్రసరింపజేసి కొలచెను. నడిమి భాగమున లెక్క కొంచెము తేడాగా వచ్చెను. దోషము లెక్కలో నున్నదా? విచారింపగా, దిమ్మె నడుమ కర్మాగారమువారు వేరొక కడ్డీని బిగించిరనియు, అది కొంచెము తక్కువగా కిరణములను పీల్చుననియు తెలిసెను. కంటికి తెలియని కడ్డీని లెక్క పట్టియిచ్చెను! కార్మాక్ అమెరికాకు వెళ్లిన పిదప 1963, 1964 సంవత్సరములలో తన ఫలితములను ప్రకటించెను. వానిని పట్టించుకొన్నవారు లేరు. హిమపాతములను గూర్చి పరిశోధించు స్విట్జర్లాండు సంస్థ యొకటి వ్యాసపు ప్రతిని కోరినదట!

ఆ కాలముననే ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు అను ఇంజనీరు ఇదే సంగతిని వేరొక త్రోవలో ఆలోచించుచుండెను. ఆయన 1919లో రైతుకుటుంబమున జన్మించెను. చిన్ననాడు సొంతముగా చేసికొన్న గ్లైడరుతో గడ్డివాముల పైనుండి దూకి ఎగురజూచినవాడు. విశ్వవిద్యాలయ పట్టము లేదు. వైమానికదళమున రాడారు పనిని నేర్చి, పిమ్మట ఇ.ఎం.ఐ. సంస్థలో చేరి, ట్రాన్సిస్టరులతో పనిచేయు కంప్యూటరును నిర్మించిన బృందమునకు నాయకత్వము వహించెను. మూసిన పెట్టెను అన్ని దిక్కులనుండి కొలచినచో లోపలి వస్తువును కనుగొనవచ్చునను ఆలోచన ఆయనకు 1967వ సంవత్సరమున కలిగెను. మనుజుడు జీవితకాలమున చేయలేని లెక్కలను కంప్యూటరు చేయగలదని ఆయనకు తెలియును. మొదటి నమూనాయంత్రము పాత లేతు యంత్రపు బల్లపై నిర్మితమయ్యెను. ఒక్క చిత్రమునకు 28,000 కొలతలు. వానిని సేకరించుటకు తొమ్మిది దినములు. లెక్కకట్టుటకు కంప్యూటరునకు రెండున్నర గంటలు పట్టెను. పశువుల మెదళ్లను తెచ్చి పరీక్షించుచు, యంత్రమును సవరించుచు, ఆయన ఓర్పుతో కృషిసాగించెను.

1971 అక్టోబరు 1వ తేదీన లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొట్టమొదటి రోగిని ఆ యంత్రమున పరీక్షించిరి. ఆమె మెదడులో గడ్డ యున్నదని వైద్యులకు అనుమానము. వైద్యుడు జేమ్స్ ఆంబ్రోస్ సమక్షమున చిత్రము తీసిరి. కపాలమును తెరువకుండగనే మెదడును అడ్డముగా కోసి చూపినట్లు గడ్డ కనబడెను. శస్త్రచికిత్స చేసిన వైద్యుడు, లోపల తాను చూచినది ఆ చిత్రమును పోలియున్నదని చెప్పెను. నేడు సి.టి. స్కాను అని లోకము పిలుచుచున్నది ఇదియే.

అదే 1971వ సంవత్సరమున భారతదేశపు శాస్త్రజ్ఞుడు జి.ఎన్. రామచంద్రన్, తన సహచరుడు ఎ.వి. లక్ష్మీనారాయణన్‌తో గూడి, ఇట్టి చిత్రములను త్వరగను నిర్దుష్టముగను లెక్కకట్టు గణితపద్ధతిని ప్రకటించెను. నేటికిని ఆ పద్ధతిలోని ఒక సాధనము వారిరువురి పేర్లతో వ్యవహరింపబడుచున్నది.

1979వ సంవత్సరమున కార్మాక్‌కును, హౌన్స్‌ఫీల్డునకును వైద్యశాస్త్రమున నోబెలు బహుమానము నిచ్చిరి. ఇరువురిలో ఎవ్వరును వైద్యులు కారు! నేడు ప్రమాదమున తలకు దెబ్బతగిలిన వానిని ఆసుపత్రికి తెచ్చినచో, కొలది నిమిషములలో మెదడులోని రక్తస్రావమును కనుగొనుచున్నారు. అయినను కిరణము మోతాదు మించినచో హాని కలుగును గనుక, అవసరమున్నప్పుడే వైద్యుని సలహాపై దీనిని ఉపయోగింపవలెను.

పరిశోధన ఒక్క శాస్త్రపు పొలమున పండు పంట కాదు. ఒకడు దున్నును; వేరొకడు విత్తును; మరియొకడు నీరు పెట్టును. రాడాన్ తన గణితము మెదడును చూపునని ఎరుగడు. డాలీ తన చేతులు ముందుతరములకు హెచ్చరిక యగునని ఎరుగడు. ఎవని పని వాడు శ్రద్ధతో చేసెను. అందువలననే మూసిన తలుపులు తెరువకుండగనే ఇంటి లోపల దీపము వెలిగెను.

ప్రశ్నలు

1. రాంట్‌జెన్ తన ఆవిష్కరణమునకు ఎక్స్ కిరణములని పేరు పెట్టుటకు కారణమేమి?
2. మామూలు ఎక్స్ కిరణ చిత్రమునందలి లోపమును ఆకుల దృష్టాంతముతో వివరింపుము.
3. అల్యూమినియపు దిమ్మె పరీక్షలో తేడా వచ్చుట కార్మాక్ పద్ధతికి బలము చేకూర్చెను. ఎట్లు?
4. చింతగింజల పెట్టె లెక్కలో ఏటవాలు మొత్తము 8కి బదులు 6 అయినచో ఏ గదిలో ఎన్ని గింజలుండును?