వసకొమ్ము: శుద్ధితో పాటు విత్తనపు ఎంపిక

ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) కాలువల కింద నీరు నిలిచే పల్లపు భూములు వస సాగుకు అనువైనవి. వరికి వలె దమ్ము చేసి కొమ్ము ముక్కలను నాటి, ఆకులు పసుపుబారి ఎండసాగినపుడు తవ్వి, కడిగి, నీడలో ఆరబెట్టాలి.

మాటలు త్వరగా వస్తాయన్న నమ్మకంతో పసిపిల్లలకు వసకొమ్ము అరగదీసి నాకించే ఆచారం తెలుగు ఇళ్లలో ఉంది. అయితే ఆయుర్వేదం వసను వాంతి కలిగించే ద్రవ్యాలలోనూ చేర్చింది. దీని తైలంలోని బీటా-అసరోన్ ఎలుకలలో పేగు కణితులను కలిగించినట్లు తేలడంతో, అమెరికా 1968లో ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది.

బీటా-అసరోన్ పరిమాణం క్రోమోజోముల స్థాయిని అనుసరించి మారుతుంది. డిప్లాయిడ్ మొక్కలలో ఇది దాదాపు ఉండదు, ట్రిప్లాయిడ్‌లలో స్వల్పం, ఆసియాలో విస్తరించిన టెట్రాప్లాయిడ్‌లలో అధికం. చైనా వైద్యంలోని ‘షీ చాంగ్ పూ’ ఇదే ప్రజాతికి చెందిన వేరొక జాతి. ఒకదాని మోతాదును మరొకదానికి వర్తింపజేయరాదు.

ఆయుర్వేద శోధనలో కొమ్మును గోమూత్రంలో, కషాయాలలో ఉడికించి, ఆవిరి పట్టిస్తారు. బీటా-అసరోన్ ఆవిరయ్యే గుణం గలది కనుక ఉడికించినపుడు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోతుందనరాదు. ఇంట్లో అరగదీసే కొమ్ముకు ఆ కొద్దిపాటి శుద్ధి కూడా జరగదు.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు మూడు విషయాలను నొక్కి చెప్పాలి: తైల విశ్లేషణ జరిగిన మొక్కల నుండే విత్తనపు కొమ్ములు తీసుకోవడం, మురుగునీటి మడులలో సాగు చేయకపోవడం, వైద్యుని సలహా లేనిదే శిశువులకు వస పెట్టకపోవడం.