పాత వీడియో క్యాసెట్లలోని బొమ్మలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం



మన హాస్టల్ ఆఫీసు గదిలోని ఇనుప బీరువా అడుగు అరలో, పాత హాజరు రిజిస్టర్ల వెనుక 4 వీడియో క్యాసెట్లు దొరికాయి. ఒకదాని మీద "వార్షికోత్సవం 1994" అని నీలం సిరాతో రాసి ఉంది. మిగతా వాటి చీటీలను చెదలు తినేశాయి.

మా బ్యాచ్‌లో చాలామందికి చిన్ననాటి ఫోటో లేదు. పదో తరగతి హాల్ టికెట్ కోసం దిగిందే మొదటి ఫోటో. ఆ వార్షికోత్సవానికి మాత్రం వార్డెన్ సార్ టౌన్ నుంచి వీడియో కెమెరా అతన్ని పిలిపించారు. కూలి పని మానుకుని మా అమ్మానాన్నలు కూడా వచ్చారు. మాలో ఒకడి తల్లి మరుసటి ఏడాదే చనిపోయింది. ఆమె బొమ్మ వాడి దగ్గర ఒక్కటి కూడా లేదు. అమ్మ ఆ క్యాసెట్‌లో ఉంటుందని వాడి నమ్మకం. అందుకే ఈ పనికి పూనుకున్నాం. ఇందులో నేర్చుకున్నదీ, చెడగొట్టుకున్నదీ రెండూ రాస్తున్నాం.

ముందుగా క్యాసెట్ సంగతి తెలుసుకుందాం. మన ఇళ్లల్లో పెళ్లిళ్లకు వాడినవి ఎక్కువగా వీహెచ్ఎస్ క్యాసెట్లు. జపాన్‌కు చెందిన జేవీసీ కంపెనీ 1976లో ఈ పద్ధతి తెచ్చింది. లోపలి టేపు వెడల్పు 12.7 మిల్లీమీటర్లు. 3 గంటల క్యాసెట్ టేపును విప్పి పరిస్తే సుమారు 250 మీటర్లు వస్తుంది. అంటే పావు కిలోమీటరు! సన్నని పాలియెస్టర్ రిబ్బన్ మీద అయస్కాంత గుణమున్న పొడిని జిగురుతో అతికిస్తారు. వీసీఆర్‌లో ఏటవాలుగా అమర్చిన డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. దానికున్న హెడ్లు ఆ పొడిలోని అయస్కాంత గుర్తులను చదివితేనే టీవీలో బొమ్మ వస్తుంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే ఒక బొమ్మ అన్నమాట.

ఆ జిగురు తేమ పీల్చుకుంటే పొడి రాలిపోతుంది, బూజు పడుతుంది. వానాకాలం మన హాస్టల్ గోడలు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక వీసీఆర్లు చివరి వరకు తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆ పని ఆపేసింది. కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ పాత మిషన్లే. క్యాసెట్ బాగున్నా దాన్ని ఆడించే మిషన్ లేకపోతే లాభం లేదు.

మా మొదటి తప్పు ఏమిటంటే, తొందరపడి క్యాసెట్‌ను ఒక షాపులో ఇచ్చేశాం. వారం తర్వాత డీవీడీ ఇచ్చారు. అందులో 20 నిమిషాలే ఉంది. చతురంగా ఉండాల్సిన బొమ్మను అడ్డంగా సాగదీయడంతో అందరి ముఖాలూ గుమ్మడికాయల్లా ఉన్నాయి. "మిగతాది పోయింది, బూజు" అన్నారు. క్యాసెట్ తెచ్చి చూస్తే టేపు ఒకచోట నలిగి తెగి ఉంది. మా వాడు ఆ రాత్రి అన్నం తినలేదు.

తర్వాత టీవీ రిపేరు చేసే మన సీనియర్ అన్న దగ్గరికి వెళ్లాం. ఆయన ముందుగా తిట్టారు. బూజు పట్టిన క్యాసెట్ వేస్తే మిషన్ హెడ్లకు బూజు అంటుతుంది, తర్వాత వేసే క్యాసెట్లకూ పాకుతుంది. అందుకే దాన్ని సిలికా జెల్ పొట్లాలతో కలిపి మూత గట్టి డబ్బాలో రెండు వారాలు ఉంచాం. ఆ తర్వాత ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని, క్యాసెట్ అడుగున ఉండే 5 స్క్రూలు విప్పాం. చేత్తో నెమ్మదిగా చుడుతూ నూగు రాలని మెత్తని గుడ్డతో టేపును తుడిచాం. ఒక పూటంతా పట్టింది. తెగిన చోట మామూలు సెల్లో టేపు అంటించకూడదు. దాని బంక కారి హెడ్లకు పట్టుకుంటుంది. ఇందుకు వేరే స్ప్లైసింగ్ టేపు ఉంటుంది, దాన్ని పూత లేని వైపున అంటించాలి. చివరగా చక్రాలు రెండింటినీ ఒక మంచి క్యాసెట్ డొక్కులోకి మార్చాం.

మిషన్‌ను కూడా నమ్మకూడదు. ముందు ఏదైనా పనికిరాని సినిమా క్యాసెట్ వేసి చూడాలి. అది నలగకుండా బయటికి వస్తేనే మన క్యాసెట్ వేయాలి.

కనెక్షన్ కష్టమేమీ కాదు. వీసీఆర్ వెనుక పసుపు రంగు రంధ్రం బొమ్మకు, తెలుపు, ఎరుపు శబ్దానికి. పాత వాటిలో శబ్దానికి ఒక్కటే ఉండవచ్చు. ఈ వైర్లను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరానికి తగిలించి, దాన్ని కంప్యూటర్‌కు పెట్టాలి. సాఫ్ట్‌వేర్‌లో పాల్ అని ఎంచుకోవాలి. మేము అది చూసుకోక మొదటిసారి నలుపు తెలుపులో బొమ్మ వచ్చి కంగారుపడ్డాం. బొమ్మ కొలత 720, 576 ఉండాలి. 3 గంటల క్యాసెట్‌కు 3 గంటలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. ఆ సమయంలో కంప్యూటర్‌లో ఇంకే పనీ చేయవద్దు. చేస్తే మధ్యలో బొమ్మలు జారిపోయి పెదవులకూ మాటలకూ పొంతన ఉండదు.

డీవీ పద్ధతిలో దాస్తే గంటకు సుమారు 13 జీబీ అవుతుంది. అసలు ఫైలు అలాగే హార్డ్ డిస్కులో ఉంచి, పంచుకోవడానికి చిన్న ఎంపీ4 ఫైలు చేసుకోవచ్చు. అది గంటకు 2 జీబీకి కాస్త అటూ ఇటూ వస్తుంది. ఫోన్‌లో పంపుకున్న కాపీనే అసలనుకుని మిగతాది చెరిపేయవద్దు, అందులో బొమ్మ ఇంకా నలుగుతుంది. వేర్వేరు ఊళ్లలో రెండు కాపీలు ఉండాలి. క్యాసెట్‌ను పారేయకండి, పడుకోబెట్టకుండా నిలబెట్టి పెట్టండి.

మా క్యాసెట్ మొత్తం 1 గంట 12 నిమిషాలు వచ్చింది. అతుకు దగ్గర రెండు మూడు సెకన్లు పోయాయి. భోజనాల దగ్గర అమ్మలందరూ వరుసగా కూర్చున్నారు. మా వాడి తల్లి కెమెరా లైటు పడగానే కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసి, పక్కనున్న వీడి విస్తట్లో తన లడ్డూ వేసింది. అంతా కలిపి 9 సెకన్లు. శబ్దం లేదు, మైకులో పాట ఒక్కటే వినిపిస్తోంది. వాడు దాన్ని మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు. "అమ్మ ఇంత చిన్నదా?" అన్నాడు. ఇప్పుడు వాడి వయసు ఆ రోజున ఆమెకున్న వయసు కంటే ఎక్కువ.

మిగతా 3 క్యాసెట్లూ సిలికా జెల్ డబ్బాలో ఉన్నాయి. వాటిలో ఏ బ్యాచ్ వాళ్లున్నారో ఇంకా తెలియదు. మీ ఇళ్లల్లో హాస్టల్ క్యాసెట్లు ఉంటే ఆడించి చూడకుండా అలాగే పట్టుకురండి. వీసీఆర్, వైర్లు సీనియర్ అన్న షాపులోనే ఉన్నాయి, ఆదివారాలు కూర్చుంటున్నాం.