త్రాసు పట్టిన చేతుల్లోనే ధర్మం

సేల్స్ ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకో సందేహం ఉండేది: రోజంతా టార్గెట్లేనా, ఇందులో దేవుడికి చోటెక్కడ?

జవాబు మహాభారతం శాంతిపర్వంలో దొరికింది. జాజలి ముని కదలకుండా తపస్సు చేస్తే జడల్లో పిట్టలు గూడు కట్టాయి. గర్వం వచ్చింది. అప్పుడు ఆకాశం నుంచి ఒక మాట: నువ్వు కాశీలోని తులాధారుడికి సాటిరావు! వెళ్లి చూస్తే ఆయన కొట్లో సరుకులు అమ్ముతున్నాడు. ఆయన ధర్మం ఒక్కటే: త్రాసు అందరికీ సమానం, అమ్మకంలో మోసం లేదు, ఎవరికీ కీడు చేయకూడదు.

పోయిన నెల క్లయింటుకి డెలివరీ తేదీ అబద్ధం చెప్పమన్నారు. నిజమే చెప్పాను. ఆర్డరు పోయింది, నా ఇన్సెంటివ్ కూడా. బాధేసింది. కానీ ఆ రాత్రి దీపం పెడుతుంటే మనసులో గిల్టు లేదు.

రేపు పని మొదలుపెట్టే ముందు మీరూ అడుగుకోండి: నా త్రాసు సరిగ్గా ఉందా?